మన టెన్షన్ కుక్కకి అంటుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కుక్క రాణికి నాలుగేళ్లు. వర్షంలో వీధిలో దొరికితే తెచ్చి పెంచుకున్నాం. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ పూర్తిచేసి ఓపీటీ (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోడానికి ఇచ్చే అనుమతి) మీద ఉంది. ఉద్యోగం లేకుండా 90 రోజులు దాటకూడదట. రెండు నెలలుగా దాని ఫోన్ కోసం రాత్రిళ్లు మేలుకుని హాల్లో తిరుగుతున్నాను. రాణి నా వెనకే తిరుగుతోంది. ముందు కాలు నాకి నాకి పుండు చేసుకుంది. నేను తింటే గాని తన పెరుగన్నం ముట్టదు. నా దిగులే దానికి పట్టుకుందా? మావారు దాన్ని పల్లెలో మా అత్తగారి దగ్గర వదిలేద్దామంటున్నారు.
– ఓ తల్లి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఆ కాలు డాక్టరుకి చూపించండి. వేళ్ల సందుల్లో ఫంగస్, పిడుదులు, అలర్జీ, గుచ్చుకున్న ముల్లు, వీటిలో ఏదున్నా కుక్క అలాగే నాకుతుంది. తిండి దగ్గర వెనకాడుతోందంటే రక్తపరీక్ష కూడా అడగండి, పిడుదుల జ్వరం ఉందేమో తెలుస్తుంది. అన్నీ దిగులు ఖాతాలో వేసి అసలు జబ్బును వదిలేయకూడదు.

అవేవీ కాకపోతే, అవును, మీ దిగులు దానికి అందుతూనే ఉంది. స్వీడన్‌లోని లింషోపింగ్ యూనివర్సిటీ వాళ్లు 58 కుక్కల వెంట్రుకల్లో, వాటి యజమానుల జుట్టులో కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడిలో పెరిగే హార్మోన్ అది. నెలల తరబడి యజమానిలో అది ఎక్కువగా ఉన్నచోట కుక్కలోనూ ఎక్కువగానే కనిపించింది. 2019లో వచ్చిన ఫలితం ఇది. 2022లో బెల్‌ఫాస్ట్‌లో 36 మందికి నోటిలెక్కలు ఇచ్చి కంగారుపెట్టి, ముందూ తర్వాతా వాళ్ల చెమట, ఊపిరి నమూనాలు తీసుకున్నారు. వాసన చూసి కంగారు నమూనా ఏదో చెప్పడానికి నాలుగు కుక్కలకు తర్ఫీదిచ్చారు. అవి 720 సార్లలో 675 సార్లు సరిగ్గా పట్టాయి. వాటికి ఆ మనుషులెవరో కూడా తెలియదు. ఇక నాలుగేళ్లుగా మీ కాళ్ల దగ్గర పడుకునే రాణి సంగతి చెప్పాలా?

అందుకే దాని ముందు నవ్వు నటించకండి. మా అమ్మ ఐసీయూలో ఉన్న పదకొండు రోజులూ నేను ఇంటికొచ్చి, గొంతు ముద్దుగా మార్చి మా కుక్క శీనుగాడిని పిలిచేదాన్ని. వాడు దగ్గరికొచ్చి నా మణికట్టు వాసన చూసేవాడు. మొహం పక్కకి తిప్పి, పెదవి నాక్కుని, పెద్దగా ఆవలించేవాడు. ఆ ఆవలింత నిద్రది కాదు, ఇబ్బందిది. ఒక రాత్రి నటించే ఓపిక లేక గడప మీద కూర్చుని ఏడ్చేశాను. ఏడుపయ్యాక ఊపిరి కుదుటపడింది. అప్పుడొచ్చి నా తొడ మీద గడ్డం ఆనించాడు. వాడికి నా మాట, నా వాసన కలిసింది అప్పుడేనని ఈ రోజుకీ నమ్ముతాను.

మీ చేతిని ఒకసారి గమనించండి. మనసు బాగోలేనప్పుడు కుక్కని తిప్పే బెల్టుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టి కురచగా పట్టుకుంటాం. ఆ బిగువు నేరుగా దాని మెడ మీద పడుతుంది. ఎదురుగా ఏదో ప్రమాదం ఉందేమోనని అది వెతుక్కుంటుంది. బెల్టు వదులుగా పట్టుకోండి. ఫోన్ ఇంట్లో పెట్టి, రోజూ ఒకే వేళకి అరగంట తిప్పండి. గోడలూ స్తంభాలూ వాసన చూస్తానంటే చూడనివ్వండి, లాగకండి. దానికి అది పెద్ద ఊరట.

రాత్రి ఫోన్ పెట్టేశాక వెంటనే నడవడం మొదలుపెట్టకండి. చాప మీద కూర్చోండి. రాణి వస్తే మెడ పక్కన మెల్లగా నిమరండి. గట్టిగా హత్తుకోవద్దు, నాకుతుంటే కసరొద్దు. అన్నం వేళ కూడా పక్కాగా పెట్టండి, ముందు మీరు నాలుగు ముద్దలు తిని మరీ పెట్టండి. రెండు నెలలుగా నిద్రలేదంటున్నారు, మీరూ ఒక డాక్టరుని కలవాలి. ఇది మీ తప్పని మాత్రం అనుకోకండి. బిడ్డ కోసం తల్లి మేలుకోకుండా ఎలా ఉంటుంది?

దాన్ని పల్లెకి మాత్రం పంపకండి. ఉన్న బెంగకి మీరు లేని బెంగ తోడవుతుంది. మీవారిని పొద్దున్న పూట తిప్పే బాధ్యత తీసుకోమనండి, మీకు గంట నిద్ర దొరుకుతుంది. పుండు మానేదాకా దాని మెడకి కాలర్ కోన్ (కాలు నాకకుండా అడ్డుపడే గరాటు లాంటిది) పెట్టించండి. పసుపు, కొబ్బరినూనె రాయకండి, నాకేస్తుంది. చీము పట్టినా, కుంటినా ఆ రోజే తీసుకెళ్లండి.