పాఠకుల ప్రశ్నలు: ఆఫీసు మెయిల్‌కు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి తీసుకోవడం ఎలా?

ప్రశ్న: మాది చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే సంస్థ. సుమారు 110 మెయిల్‌బాక్సులు ఉన్నాయి. లినక్స్‌పై నడిచే పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్ మా ఆఫీసులోనే ఉంది. నేను పరిపాలన వ్యవహారాలు చూస్తాను. సాంకేతిక విషయాలకు ఒక్కరే సిస్టమ్ అడ్మిన్. గత నెలలో ఒక విదేశీ కస్టమర్‌కు పంపిన కొటేషన్ రెండు రోజులపాటు మా సర్వర్‌లోనే ఆగిపోయింది. ఆ రెండు రోజులూ సర్వర్ పనితీరును గమనించే మానిటరింగ్ తెర మీద అన్నీ ఆకుపచ్చ గుర్తులే ఉన్నాయి. కస్టమర్ ఫోన్ చేసి అడిగేదాకా మాకు తెలియలేదు. ఇప్పుడు ముగ్గురు విక్రేతలు కొత్త సాఫ్ట్‌వేర్ చూపించి వెళ్లారు. మూడూ బాగానే అనిపిస్తున్నాయి. తేల్చుకోవడం ఎలా?
– పేరు వెల్లడించవద్దన్న పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: విక్రేతలు చూపించిన తెరలను కాసేపు పక్కన పెట్టి, ఆ రెండు రోజుల్లో మీ సర్వర్‌లో ఏం జరిగి ఉంటుందో ముందు చూద్దాం. ఎంపికకు కావలసిన కొలబద్ద అక్కడే దొరుకుతుంది. అవతలి సర్వర్ ఒక ఉత్తరాన్ని తీసుకోలేనప్పుడు అంకెల్లో జవాబిస్తుంది. 5తో మొదలయ్యే కోడ్ వస్తే అది శాశ్వత తిరస్కరణ, ఉత్తరం వెంటనే పంపినవారికి తిరిగి వస్తుంది. 4తో మొదలయ్యే కోడ్ వస్తే 'ఇప్పుడు కాదు, తర్వాత ప్రయత్నించండి' అని అర్థం. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఆ ఉత్తరాన్ని క్యూలో (పంపవలసినవాటి వరుసలో) ఉంచి మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. మనం సెట్టింగు మార్చకపోతే ఇలా 5 రోజుల వరకు ఓపిక పడుతుంది. ఆలస్యమవుతోందని పంపినవారికి చెప్పే ఏర్పాటు అందులో ఉన్నా, మొదట అది ఆపివేసి ఉంటుంది. డిలే వార్నింగ్ టైమ్ అనే ఆ సెట్టింగును 4 గంటలకు మార్చమని మీ అడ్మిన్‌కు ఈ రోజే చెప్పండి. దానికి ఏ కొనుగోలూ అక్కర్లేదు.

మీ పాత సాఫ్ట్‌వేర్ బహుశా సర్వర్ల మధ్య మెయిల్ రాకపోకలకు ద్వారమైన 25వ నంబరు పోర్టును తట్టి, సర్వర్ పలికితే చాలు ఆకుపచ్చ గుర్తు వేస్తూ వచ్చి ఉంటుంది. సర్వర్ బతికి ఉండటం, ఉత్తరం చేరడం రెండు వేర్వేరు సంగతులు. అందువల్ల ముగ్గురు విక్రేతలనూ మొదట అడగవలసినది ఇది: మీ సర్వర్ నుంచి ఒక పరీక్ష ఉత్తరాన్ని బయటి మెయిల్‌బాక్సుకు పంపి, అక్కడి నుంచి తిరిగి రప్పించి, ఆ రాకపోకలకు పట్టిన కాలాన్ని అయిదు పది నిమిషాలకోసారి కొలిచే సదుపాయం ఉందా? ఉంటే దాన్ని మీ ఎదుటే పెట్టి చూపించగలరా? రెండోది, క్యూలో ఎన్ని ఉత్తరాలు ఉన్నాయనేదే కాక, అన్నిటికంటే పాతది ఎంతసేపటి నుంచి ఆగి ఉందో చూపాలి. మీ కొటేషన్ విషయంలో క్యూలో ఉన్నవి మూడో నాలుగో అయి ఉండవచ్చు. ఆ సంఖ్యను చూసి ఏ సాఫ్ట్‌వేరూ కంగారుపడదు. దాని వయసు చూసి ఉంటే పడేది.

ఒక్కో మెయిల్‌బాక్సు నుంచి గంటకు ఎన్ని ఉత్తరాలు బయటికి వెళుతున్నాయో లెక్క ఉండటం కూడా చాలా అవసరం. రోజుకు ముప్పయి పంపే ఖాతా నుంచి అర్ధరాత్రి మూడు వేలు వెళ్లాయంటే ఆ పాస్‌వర్డ్ దొంగల చేతిలో పడిందనే అనుకోవాలి. అది ఆ రాత్రే తెలియకపోతే, చెత్త మెయిళ్లు పంపే సర్వర్లను నమోదు చేసే స్పామ్‌హౌస్ వంటి జాబితాల్లో మీ సర్వర్ చిరునామా చేరి, మిగిలిన 109 మంది ఉత్తరాలూ తిరస్కరణకు గురవుతాయి. డిస్కులో మిగిలిన చోటు, మెయిల్‌ను ఇతరులు చదవకుండా గుప్తంగా పంపేందుకు వాడే టీఎల్ఎస్ సర్టిఫికెట్ గడువు వంటివి దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ చూస్తాయి కాబట్టి వాటి గురించి ఎక్కువసేపు ఆలోచించనవసరం లేదు.

అలర్టు ఏ దారిన వస్తుందనే దానిమీద మాత్రం పట్టుబట్టి అడగండి. మెయిల్ ఆగిపోయిందన్న కబురు అదే మెయిల్ ద్వారా రావలసి ఉంటే ఆ కబురూ క్యూలోనే కూర్చుంటుంది. ఇంత స్పష్టమైన లోపాన్ని ఎన్నో ఆఫీసులు సరిచేసుకోకుండా వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. ఎస్సెమ్మెస్ ద్వారా పంపిస్తామని విక్రేత అంటే, మన దేశంలో అందుకు టెలికాం సంస్థల డీఎల్‌టీ అనే నమోదు వేదికలో సంస్థ పేరు, సందేశపు నమూనా ముందుగా నమోదు కావాలన్న సంగతి గుర్తుచేసి, ఆ పని ఎవరు చేస్తారో రాయించుకోండి. ఇక 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాటి చెన్నైని మీరు చూసే ఉంటారు. కరెంటు పోయి ఆఫీసంతా చీకటైతే, అదే గదిలో ఉన్న మానిటరింగ్ యంత్రం కూడా మూగబోతుంది. కాబట్టి ఊరి బయట ఎక్కడో ఒక చిన్న అద్దె సర్వర్ ఉండి, మీ ఆఫీసు నుంచి కొన్ని నిమిషాలపాటు సంకేతం అందకపోతే తనంతట తాను కబురు చేసే ఏర్పాటు తప్పనిసరి.

వీటన్నిటికీ విక్రేత 'ఉంది' అనే చెబుతాడు. అందుకే నెల రోజుల ట్రయల్ అడిగి, మీ సర్వర్ మీదే పెట్టించి, ఒక శనివారం సాయంత్రం అందరికీ ముందుగా చెప్పి, మీ అడ్మిన్ చేత కావాలనే తప్పులు చేయించండి. బయటికి వెళ్లే 25వ పోర్టును అరగంట మూసివేయండి. ఇంటర్నెట్ కేబుల్ తీసివేయండి. పనికిరాని పెద్ద ఫైళ్లతో డిస్కును నింపండి. ఏ తప్పు ఏ నిమిషంలో చేశారో, అలర్టు ఏ నిమిషంలో వచ్చిందో కాగితం మీద రాసుకోండి. ఆ నెలలో వచ్చిన తప్పుడు అలర్టులను కూడా లెక్కపెట్టండి. రోజుకు ఇరవై వస్తుంటే మీ అడ్మిన్ పదో రోజుకల్లా ఫోన్ చూడటం మానేస్తారు, ఆ తర్వాత వచ్చే అసలైన అలర్టూ వాటిలో కలిసిపోతుంది.

ధర విషయంలో, కొందరు యంత్రాల లెక్కన, కొందరు సెన్సర్ల (గమనించే ఒక్కో అంశం) లెక్కన తీసుకుంటారు. ఒక్క మెయిల్ సర్వర్‌కే పదిహేను ఇరవై సెన్సర్లు కావచ్చు కనుక రెండో ఏడాది మొత్తం ఎంతవుతుందో ఇప్పుడే అడగండి. జాబిక్స్, నాగియోస్ కోర్ వంటి ఉచిత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లకు లైసెన్సు రుసుము లేదు గానీ, పెట్టి నడిపేందుకు మనిషి సమయం కావాలి. మీకున్నది ఒక్కరే కాబట్టి, ఆయన సెలవులో ఉన్నప్పుడు ఎవరు చూస్తారన్నది తేల్చుకున్నాకే అటు వెళ్లండి. లాగులు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) ఎన్నాళ్లు ఉంటాయో కూడా చూడాలి: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనలను తెలిసిన 6 గంటల్లో నివేదించాలి. నెలకే లాగులు చెరిపేసే పథకం చౌకగా ఉన్నా మీకు పనికిరాదు.

ప్రశ్న: మేమూ ఇలాంటి సాఫ్ట్‌వేరే తీసుకుంటున్నాం. దానితో ఉద్యోగుల మెయిళ్లు కూడా చదవవచ్చు కదా అని మా యజమాని అంటున్నారు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, గిండీ, చెన్నై

జవాబు: ఈ రెండు పనులనూ కలపవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి. సర్వర్ ఆరోగ్యం తెలియడానికి ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎంత పరిమాణంలో వెళ్లిందన్న వివరాలు చాలు. ఉత్తరంలో ఏముందో అక్కర్లేదు. ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి వ్యక్తిగత సమాచారాన్ని వాడుకునే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని 7వ సెక్షన్ ఇస్తున్నా, అందరి ఉత్తరాలూ తెరిచి చదవడానికి దాన్ని అనుమతిగా భావించడం సరికాదు. నిజంగా అవసరమనుకుంటే న్యాయవాది సలహాతో విడిగా విధానం రాసి, ఉద్యోగులకు ముందే లిఖితపూర్వకంగా తెలియజేయాలి. కొనేటప్పుడు మాత్రం, ఉత్తరాల్లోని విషయాన్ని నిల్వచేసే సదుపాయాన్ని పూర్తిగా ఆపివేయవచ్చా, ఎవరైనా దాన్ని మళ్లీ తెరిస్తే ఆ సంగతి చెరపలేని విధంగా నమోదవుతుందా అని విక్రేతను అడిగి, జవాబును కొనుగోలు ఒప్పందంలోనే చేర్పించండి.