గోడాట్‌లో పిల్లగాడు కట్ట మీద నిలబడక కిందికి పడిపోతుంటే

ఆటలు తయారుచేసే గోడాట్ సాఫ్ట్‌వేర్‌లో నీ పిల్లగాడు కట్ట మీద నిలవట్లేదని అడిగావు కదా తమ్మీ. బొమ్మ పెట్టావు కానీ దానికి ఒళ్లు ఇవ్వలేదు. నీ ఆటలో ఉదయసముద్రం చెరువు కట్ట మీద తంగేడు పూలు ఏరే పిల్లగాడు ప్లే నొక్కగానే కట్టలోంచి జారిపోతున్నాడంటే మొదట చూడాల్సింది ఇదే. గోడాట్‌లో కంటికి కనిపించే స్ప్రైట్ వేరు, తగిలే ఆకారం వేరు.

1. పిల్లగాడికి క్యారెక్టర్‌బాడీ2డి (కోడ్‌తో కదిలించే పాత్రలకు వాడే నోడ్; నోడ్ అంటే ఆటలో పెట్టే ఒక్కో భాగం) వాడానన్నావు. అది సరే.

2. అందరూ మరిచేది ఇక్కడే. తగిలే ఆకారం కోసం దాని కింద కొలిజన్‌షేప్2డి నోడ్ కలపగానే పని అయిపోయిందనుకుంటారు. అది ఇంకా ఖాళీ సంచే. దాన్ని ఎంచుకుని ఇన్‌స్పెక్టర్‌లో (ఎంచుకున్న నోడ్ వివరాలు చూపే పలకలో) షేప్ అన్న వరుస చూడు. ఎంప్టీ అని ఉంటే నొక్కి, న్యూ రెక్టాంగిల్‌షేప్2డి ఎంచుకో. నోడ్ పక్కనున్న పసుపు త్రికోణం పోవాలి. సైజు చుక్కలు పట్టి లాగు, స్కేల్ ముట్టుకోకు.

3. కట్టకూ అంతే. కదలని వాటికి వాడే స్టాటిక్‌బాడీ2డి, దాని కింద కొలిజన్‌షేప్, అందులో ఆకారం.

4. డీబగ్ మెనూలో విజిబుల్ కొలిజన్ షేప్స్ టిక్ చేసి ఆడించు. రెండు ఆకారాలూ కనిపించాలి.

ఇంకా పడుతున్నాడా? కోడ్‌లో పొజిషన్‌ను నేరుగా మారుస్తున్నావేమో. వెలాసిటీ (వేగం) మార్చి, ఫిజిక్స్ ప్రాసెస్ (_physics_process) ఫంక్షన్‌లో మూవ్ అండ్ స్లైడ్ (move_and_slide()) పిలువు. బ్రాకెట్లలో ఏమీ రాయకు. కైనమాటిక్‌బాడీ (క్యారెక్టర్‌బాడీకి పాత పేరు) అని చెప్పే వీడియోలు గోడాట్ పాత 3వ వెర్షన్‌వి, 4కు పనికిరావు. వాటిని నమ్మి నేను ఓ ఆదివారమంతా పోగొట్టుకున్నాను.