పొందూరు ఖద్దరు ఫ్రాకుకి ఇన్విజిబుల్ జిప్పు: అలలు, నడుం దగ్గర ఆగడం, కింద ఉబ్బు

మీరు అడిగినవి మూడు. విజయనగరం గంటస్తంభం బజారులో కొన్న ఇన్విజిబుల్ జిప్పుని (మూశాక పళ్ళు బయటికి కనబడని రకం) పొందూరు ఖద్దరు ఫ్రాకు వెనక వేశారు, ఒక్క ఉతుకుకే అలలు తేలింది. నడుం కుట్టు దగ్గర రన్నరు, అంటే జిప్పుని మూసి తెరిచే పిడి, ఆగిపోతోంది. జిప్పు అయిపోయిన చోట చిన్న ఉబ్బు వచ్చింది. ఊడదీసి మళ్ళీ వేయాలా అంటే, వేయాల్సిందేనండి. అయితే జిప్పు నాసిరకమని కొట్టువాడిని తిట్టకండి. మూడింటిలో రెండు తప్పులు బట్టని తయారుచేసుకోకుండా జిప్పు కుట్టినందువల్ల వచ్చినవే.

ముందు అలల సంగతి. ఫ్రాకుని బల్ల మీద పరిచి, జిప్పు మూసి చూడండి. జిప్పే పాములా మెలికలు తిరిగి పైకి లేస్తుంటే బట్ట కుంచించుకుపోయిందని లెక్క. జిప్పు టేపు, అంటే పళ్ళని పట్టి ఉంచే పట్టీ, పాలిస్టరు, నీళ్ళలో పెద్దగా కుంచించుకోదు. చేత్తో వడికిన నూలు తగ్గుతుంది. 20 ఇంచీల్లో అర ఇంచి తగ్గినా ఆ అర ఇంచి జిప్పు ఎక్కడికీ పోలేక పైకి లేస్తుంది. అలా కాకుండా జిప్పు తిన్నగానే ఉండి, పక్కన బట్టలో చిన్న చిన్న కుచ్చులు పడుంటే కుట్టేటప్పుడు బట్ట సాగిందన్నమాట. ఇది ఉతక్కముందే కనిపిస్తుంది. మీరు ఉతికాక అంటున్నారు కాబట్టి మొదటిదే అయ్యుంటుంది. ఒకందుకు మంచిదే, బట్ట తగ్గాల్సింది చాలావరకు తగ్గిపోయింది, ఇప్పుడు విప్పి వేస్తే నిలుస్తుంది. కొత్త బట్టయితే కత్తిరించక ముందే రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, తడి పూర్తిగా పోకముందే ఇస్త్రీ చెయ్యాలి. లైనింగు బట్టకీ ఇదే పని. లైనింగు నానబెట్టకుండా వేస్తే జిప్పు ఎంత బాగా కుట్టినా లోపల్నుంచి లాగేస్తుంది.

కుట్లు విప్పాక ఆ అంచులు పీచుపీచుగా ఉంటాయి. ఖద్దరు పోగులు ఊరికే ఊడిపోతాయి. అంచుకి ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచుని దారంతో చుట్టే కుట్టు) కొట్టించండి, ఆ తర్వాతే ఫ్యూజింగు, అంటే ఇస్త్రీ వేడికి బట్టకి అతుక్కునే గుడ్డ. అన్నిటికన్నా పల్చటి ఫ్యూజింగు అడిగి తెచ్చుకుని, 1 ఇంచి వెడల్పు పట్టీలు రెండు, జిప్పు ఓపెనింగు కన్నా 1 ఇంచి పొడుగ్గా కత్తిరించండి. వెనకవైపు మార్జిన్ (కుట్టు గీత నుంచి అంచుదాకా వదిలే బట్ట) మీద, కుట్టు గీతని 2 మిల్లీమీటర్లు మాత్రమే దాటేలా పెట్టి అతికించండి. అంతకు మించి లోపలికి వెళ్తే పల్చటి తెల్ల ఖద్దరులో బయటికి గీతలా కనబడుతుంది. ఇస్త్రీపెట్టెని రుద్దకూడదు, ఒకచోట పెట్టి 10 సెకండ్లు నొక్కి ఎత్తి పక్కన పెట్టాలి. రుద్దితే బట్ట సాగి, సాగినట్టే అతుక్కుంటుంది. ఫ్యూజింగు దొరక్కపోతే అంచుకి పల్చటి గంజి పెట్టి ఆరనిచ్చి కుట్టినా మిషను కింద బట్ట జారదు. కాకపోతే గంజి ఉతుకుతో పోతుంది, ఫ్యూజింగు ఉండిపోతుంది. నేనైతే ఫ్యూజింగే వేస్తాను.

జిప్పు పొడుగు: ఓపెనింగు 18 ఇంచీలైతే 20 ఇంచీల జిప్పు తీసుకోండి. రన్నరు అడ్డం వస్తుంది కాబట్టి చివరి ఇంచి మిషను మీద కుట్టలేం. రంగు కలవకపోతే బట్ట కన్నా ఒక ఛాయ ముదురుది మేలు.

ఇంక పళ్ళ సంగతి. ఈ జిప్పుకి పళ్ళు లోపలికి చుట్టుకుని ఉంటాయి. జిప్పు పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి, సిల్కు బట్టలకి పెట్టేంత తక్కువ వేడితో ఆ పళ్ళని పక్కకి విప్పుతూ ఇస్త్రీ చెయ్యాలి. కాటన్ వేడి పెడితే నైలాన్ పళ్ళు కరిగిపోతాయి. మిషనుకి ఇన్విజిబుల్ జిప్పు ఫుట్ (సూది దగ్గర బట్టని నొక్కిపట్టే పాదం) ఉంటే దాని కింద రెండు గాడులుంటాయి, పళ్ళు వాటిలో నిలబడి సూది పక్కనే పడుతుంది, అంత ఇస్త్రీ కూడా అక్కర్లేదు. తొక్కుడు మిషనుకి అది దొరక్కపోతే సింగిల్ ఫుట్‌తో (సూదికి ఒకవైపే ఉండే పాదం) పని జరుగుతుంది, అప్పుడు మాత్రం ఇస్త్రీ తప్పదు.

సన్నటి ఖద్దరుకి 11 నంబరు సూది, పాలిస్టరు దారం, ఇంచీకి 10 కుట్లు. వెనక నడుం కింది కుట్టు ఇంకా వేయకూడదు, రెండు ముక్కలూ విడివిడిగా ఉండాలి. చాలామంది కుట్టు వేసేసి మామూలు జిప్పులా మధ్యలో దూర్చాలని చూస్తారు, అక్కడే చెడుతుంది.

బట్ట మంచివైపు పైకి పెట్టి, జిప్పు మంచివైపు కిందికి బోర్లించండి. పళ్ళు కుట్టు గీత మీద, టేపు అంచు మార్జిన్ అంచు వైపు. పళ్ళ నుంచి టేపు అంచుకి ఎంతుందో స్కేలుతో చూసుకుని మార్జిన్ మీద చాక్‌తో గీత గీసుకుంటే పొరపాటు రాదు. మెడ కుట్టు గీతకి పావు ఇంచి కింద జిప్పు పై ఆపు ఉండాలి, హుక్కుకి ఆ చోటు కావాలి. కచ్చా కుట్టు వేసుకుని, పై నుంచి కిందికి కుట్టండి. పళ్ళని గోరుతో పక్కకి తోస్తూ, పళ్ళకి 1 మిల్లీమీటరు దూరంలో. దగ్గరైతే రన్నరు కదలదు, దూరమైతే టేపు బయటికి తొంగి చూస్తుంది. రన్నరుకి ఫుట్ తగలగానే ఆపి 3 కుట్లు వెనక్కి వెయ్యండి.

ఇప్పుడు జిప్పు మూసి, రెండో టేపు మీద మెడ గీత ఎక్కడొస్తుందో, నడుం కుట్టు ఎక్కడొస్తుందో చాక్‌తో గుర్తు పెట్టండి. తెరిచి, ఆ గుర్తుల ప్రకారం రెండో ముక్కకి కచ్చా వేసి, మళ్ళీ పై నుంచి కిందికే కుట్టండి. ఒకటి పై నుంచి, ఒకటి కింది నుంచి కుడితే మిషను బట్టని తోసే తీరు వల్ల నడుం గీతలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. కుట్టేముందు టేపు మెలి తిరిగిందేమో చూసుకోండి. అనుభవం ఉన్న చేతులకీ ఈ తప్పు వస్తుంది.

నడుం దగ్గర రన్నరు ఆగడానికి కారణం మందం. మీ ఫ్రాకుకి అక్కడ పై ముక్క, కింది ముక్క, లైనింగు, వాటి మడతలు అన్నీ ఒకచోట చేరుంటాయి. నడుం కుట్టు మార్జిన్‌ని జిప్పు దాటే చోట పావు ఇంచీకి కత్తిరించి, రెండు వైపులకీ విడదీసి ఇస్త్రీ చెయ్యండి, ఒకవైపుకి మడవొద్దు. ఆ ఒక్క ఇంచి మేర కుట్టు పళ్ళకి 2 మిల్లీమీటర్ల దూరంగా పోనివ్వండి. ఇప్పుడే బలవంతంగా లాగకండి, పళ్ళు విడిపోతే ఆ జిప్పు మళ్ళీ నమ్మకంగా పట్టదు. కొవ్వొత్తి రుద్దితే తాత్కాలికంగా జారుతుంది. పెన్సిల్ ముల్లు మాత్రం తెల్ల ఖద్దరు మీద వద్దు.

కింది ఉబ్బుకి మందు: జిప్పు మూసి, దాని తోకని పక్కకి లాగి పట్టుకుని, సింగిల్ ఫుట్‌తో జిప్పు కుట్టు చివరికి పావు ఇంచి పైనుంచి మొదలుపెట్టి, ఆ కుట్టుకి ఒక దారం మందం మార్జిన్ వైపుగా కిందికి కుట్టుకుపోండి. మొదటి 2 ఇంచీలు చక్రం చేత్తో తిప్పితే ఇంకా మంచిది. రెండు కుట్లు కలవకపోతే కన్నం పడుతుంది, అడ్డంగా దాటితే ఉబ్బుతుంది. తర్వాత టేపు తోకల్ని మార్జిన్‌కి మాత్రమే పట్టించండి, పై బట్టకి తగలకుండా.

గంజి పెట్టేటప్పుడు జిప్పు మూసి ఉంచి, పిండాక తడిగుడ్డతో పళ్ళ మీద తుడవండి. గంజి ఎండితే పళ్ళు పట్టేస్తాయి. ఇస్త్రీకి బయట ఇస్తే జిప్పు మీద పెట్టె పెట్టొద్దని చెప్పి ఇవ్వండి. ఖద్దరు ముడతలు పోవడానికి పెట్టే బొగ్గుల పెట్టె వేడికి పళ్ళు చదునైపోతాయి.