సమాధానం: టెల్మిసార్టాన్ బిళ్ళ ప్రభుత్వ ధర కన్నా ఎక్కువ ఎందుకు పడుతోంది?

మీ నాన్నగారి బీపీ మందు టెల్మిసార్టాన్‌కు ప్రభుత్వ ధర కన్నా ఎక్కువ ఎందుకు తీసుకుంటున్నారని అడిగారు. మీరు చూసిన సీలింగ్ ధర (ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర) ఉత్త టెల్మిసార్టాన్ 40 ఎంజీది. మీ నాన్నగారు వాడేది టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 (ఇదీ బీపీ మందే) కలిపిన బిళ్ళ. ఆ సీలింగ్ దీనికి వర్తించదు.

చాలామంది తప్పేది ఇక్కడే: మందు పేరు చూసి ఆగిపోతారు. 2013 మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు మొదటి షెడ్యూల్లో (సీలింగ్ వర్తించే మందుల జాబితాలో) మందుతోపాటు మోతాదు, రూపం (బిళ్ళ, ఇంజెక్షన్, సిరప్) కూడా ఉంటాయి. మూడూ అచ్చంగా కలవాలి. ఇలాంటి కాంబినేషన్లకు ఎన్‌పీపీఏ (మందుల ధరలు నిర్ణయించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కంపెనీవారీగా విడిగా రిటైల్ ధర ఇస్తుంటుంది. ఆ ధర దాన్ని ప్రకటించిన నోటిఫికేషన్‌లో పేరున్న కంపెనీకే వర్తిస్తుంది.

1. స్ట్రిప్ వెనక "కాంపోజిషన్" చదవండి. బ్రాండ్ పేరు వదిలేయండి.
2. దాన్ని ఎన్‌పీపీఏ వారి ఫార్మా సహీ దామ్ యాప్‌లో వెతకండి.
3. సీలింగ్ ఒక్క బిళ్ళకు, జీఎస్టీ కాకుండా. స్ట్రిప్‌లో 15 ఉంటే 15తో గుణించి, పన్ను కలిపి ఎంఆర్‌పీతో పోల్చండి.
4. షెడ్యూల్లో లేని మందైతే 12 నెలల్లో ఎంఆర్‌పీ 10 శాతం మించి పెంచకూడదు. పాత స్ట్రిప్ ఉంటే పోల్చండి.

ఎక్కువని తేలితే బ్యాచ్ నంబరున్న బిల్లుతో ఎన్‌పీపీఏకి ఫిర్యాదు చేయండి. కంపెనీ నుంచి రాబట్టిన సొమ్ము మాత్రం ప్రభుత్వ ఖాతాకే పోతుంది, మీ చేతికి రాదు.

ఖర్చు తగ్గాలంటే రెండు మందులూ విడివిడి బిళ్ళలుగా రాయమని డాక్టర్‌ని అడగండి. రెండిటికీ సీలింగ్ ఉంది. సొంతంగా మార్చొద్దు.