‘న్యాయంగా చూడాలి’ అన్న లైన్‌కి టెస్ట్ కేసు ఎలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నా. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పనివాళ్ల ముఖం గుర్తుపట్టి రాకపోకలు నమోదు చేసే యాప్ మాది. రిక్వైర్‌మెంట్స్‌లో, అంటే యాప్ ఎలా ఉండాలో రాసిన పత్రంలో, ‘అందరినీ న్యాయంగా చూడాలి, ప్రైవసీని గౌరవించాలి’ అని ఉంది. దీన్నెలా టెస్ట్ చేయాలి? మా మేనేజర్ పాస్ అని పెట్టేయమంటున్నారు.

జవాబు: పెట్టకండి. ఫెయిలయ్యే వీలే లేని లైన్‌కి పాస్ ఏమిటి? వెనక్కి పంపి, ఓ పొద్దున ఏడింటికి ఏదైనా గేటు దగ్గర అరగంట నిలబడండి.

మా గేటు దగ్గర నేను చూసింది చెప్తాను. పనిచేసే ఆవిడ ఒకరు, హిందూపురం వైపు నుంచి వచ్చినావిడ, టాబ్ ముందు నిలబడితే గుర్తుపట్టలేదు, కొంగుతో చెమట తుడుచుకుని మళ్లీ నిలబడింది, నాలుగోసారి కూడా కాకపోతే వాచ్‌మన్ రిజిస్టర్ తీశాడు, ఈలోగా ఆవిడ లేటని ఓనర్ ఫోన్‌కి మెసేజ్ వెళ్లిపోయింది. యాప్ కొన్నది అసోసియేషన్, మాట పడింది ఆవిడ.

ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం 2021లో తెచ్చిన ఐఈఈఈ 7000 స్టాండర్డ్ చెప్పేది ఇదే: కొనేవాళ్లతో ఆగకుండా, సిస్టమ్ ప్రభావం ఎవరెవరి మీద పడుతుందో వాళ్లని కలిసి, వాళ్లకి ముఖ్యమైన విలువల్ని సరిచూడగలిగే రిక్వైర్‌మెంట్లుగా మార్చాలి. మీకైతే ఇలా రాయొచ్చు: ‘రెండుసార్లు గుర్తుపట్టకపోతే నిమిషంలోపు వేరే పద్ధతిలో లోపలికి పంపాలి, టైమ్ మొదటి ప్రయత్నం నుంచే లెక్కపెట్టాలి.’ ఇది ఫెయిల్ కాగలదు.

సగటు చూసి మోసపోకండి. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు సిస్టమ్‌లను 2018లో ఎంఐటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పరీక్షిస్తే, తెల్లటి మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు, నల్లటి ఆడవాళ్ల దగ్గర 34.7 శాతం దాకా వెళ్లాయి. మీరూ ఆడ, మగ, రంగు, వయసు విడివిడిగా లెక్కేయండి.

ప్రైవసీ లైన్ కొంచెం తేలిక. మన వివరాలు వాడుకోడానికి ఒప్పుకోవడం ఎంత సులువో దాన్ని వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2023 డేటా రక్షణ చట్టంలోనే ఉంది. ఒప్పుకోడానికి ఒక్క బటన్, మానుకోడానికి ఆఫీసుకి మెయిల్ అంటే ఫెయిల్ అని రాసేయండి.

ఇంకోటి. ఓనర్లు పనివాళ్లకి స్టార్లు ఇచ్చే ఫీచర్ మీ యాప్‌లో ఉందా? ఉంటే, ఎందుకు తగ్గాయో ఆ మనిషికి కన్నడలోనో తెలుగులోనో తెలియాలి, చదువురాకపోతే వినిపించాలి, తప్పైతే కాదని చెప్పుకునే దారుండాలి. అవి లేకపోతే బగ్ రెయిజ్ చేయండి, రిలీజ్ ఆపాల్సిన బగ్ అని రాసి మరీ.