ఇల్లు వెతకడం ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: పటమట, మొగల్రాజపురం వైపు అద్దె ఇంటి కోసం తిరుగుతున్నాం. ఇప్పటికి తొమ్మిది చూశాం. నచ్చినదాన్ని ఇంకొన్ని చూద్దామని వదిలితే మర్నాటికి ఎవరో అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు. నెలాఖరుకి ఖాళీ చేయాలి, ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, సరిగ్గా ఈ చిక్కుకే లెక్కలవాళ్లు, కంప్యూటర్ సైన్స్ వాళ్లు 37 శాతం సూత్రం చెబుతారు. నెలాఖరులోగా 20 ఇళ్లు చూడగలరనుకోండి, అందులో సుమారు 37 శాతం, అంటే మొదటి 7 ఇళ్లు కేవలం చూడ్డానికే, ఎంత నచ్చినా ఆగాలి. ఎనిమిదో ఇంటి నుంచి మాత్రం, అప్పటిదాకా చూసినవాటన్నిటికన్నా మెరుగైనది కనబడగానే అక్కడికక్కడే ఖాయం చేసుకోవాలి. అన్నిట్లోకీ మంచి ఇల్లు దొరికే అవకాశం సుమారు 38 శాతం. తక్కువే అనిపిస్తుంది, కానీ వదిలిన ఇల్లు మళ్లీ దొరకదనుకున్నప్పుడు, రాబోయేవి ఎలా ఉంటాయో తెలియనప్పుడు ఇంతకన్నా మంచి దారి లేదు.

మీరు తొమ్మిది చూసేశారు కాబట్టి చూసే దశ అయిపోయింది. ఇక అడ్వాన్స్ డబ్బు చేతిలో పెట్టుకునే వెళ్లండి.

అయితే మెరుగైనది అంటే ఏమిటో మీ ఇద్దరూ ముందే అనుకోవాలి. నన్నడిగితే నీళ్లే ముందు. వంటింటి కుళాయి మూతి చుట్టూ తెల్లగా పొరలు కట్టి ఉంటే అవి ఉప్పు నీళ్లే. మున్సిపాలిటీ నీళ్లు ఏ టైముకి, ఎంతసేపు వస్తాయో ఓనర్ని కాదు, పక్కింటావిడని అడగండి.

ఇంకో మాట. వదిలేసినవాటిలో బాగా నచ్చినదాని ఓనరుకి ఇవాళే ఫోన్ చేయండి. వదిలితే పోయినట్టే అని సూత్రం అనుకుంటుంది గానీ, టులెట్ బోర్డు ఒక్కోసారి ఇంకా గేటుకి వేలాడుతూనే ఉంటుంది.