బూస్ట్ చేస్తే లైకులొస్తున్నాయి, జీడిపప్పు ఆర్డర్లు మాత్రం రావట్లేదు. ఎందుకు?

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు వ్యాపారం. సైటు చేయించాం. రెండు నెలల్లో ఫేస్‌బుక్ బూస్ట్‌కి (డబ్బు కట్టి పోస్టుని ఎక్కువమందికి చూపించడానికి) 6,000 రూపాయలు పెడితే లైకులు 900 దాటాయి, ఆర్డర్లు మూడొచ్చాయి. ఏటి తప్పు?

జవాబు: ముందు బూస్ట్ ఆపేయండి. లైకుల కోసం పెట్టిన బూస్ట్‌ని ఫేస్‌బుక్ లైకు కొట్టే అలవాటున్నవాళ్లకే చూపిస్తుంది. వాళ్లు కొనేవాళ్లు కాదు. అయితే సైటు ఇప్పుడున్న తీరులో నిజంగా కొనేవాళ్లొచ్చినా వెనక్కే పోతారు. అంచేత ముందు సైటు సంగతి చూద్దాం.

మీ సరుకు పేజీలో తెలుగంతా పోస్టరు బొమ్మలోనే ఉంది. ఫోన్‌లో అక్షరాల మీద వేలు నొక్కిపట్టి చూడండి. కాపీ చేయడానికి రాకపోతే అది బొమ్మే, అందులోని అక్షరాల మీద గూగుల్ వెతుకులాటకి ఆశ పెట్టుకోకూడదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన మేటర్ యూనికోడ్ (ఫోన్లు, సైట్లు చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, సైటులో అతికిస్తే పిచ్చిగీతలొస్తాయి. అందుకే డిజైనర్లు దాన్ని బొమ్మ చేసి పెట్టేస్తారు. ఫోన్ కీబోర్డుతోనే మళ్లీ టైపు చేసుకోండి. ఫాంటు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ చాలు. లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకి 1.6 రెట్లకి తగ్గొద్దు. ఇంగ్లిషు లెక్కన 1.2 పెడితే 'జీడిపప్పు'లో ప వత్తు కింది వరుసకి తగులుతుంది, ఒక్కోసారి తెగిపోతుంది.

ఇక అక్కడ ఏం రాయాలి? 'నాణ్యమైన పలాస జీడిపప్పు' అని అందరూ రాస్తారు. కొనేవాడికి కావలసింది గ్రేడు. డబ్ల్యూ-320 అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 300 నుంచి 320 గింజలు. 400 గ్రాముల ప్యాకెట్లో సుమారు 265 నుంచి 280 వస్తాయి. డబ్ల్యూ-240 అయితే 195 నుంచి 210. ఈ లెక్క రాసి, గింజ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక ఫొటో తీయండి. గుండు, బద్ద, ముక్క మూడింటికీ వేర్వేరు పేజీలుండాలి. ధర, బరువు, డెలివరీ ఖర్చు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు వేలితో పైకి జరపకుండానే కనబడాలి. ఫొటోలు 1,200 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫైలు రకంలో ఒక్కోటి 150 కేబీ లోపు పెట్టండి. ముందు పేజీలో తిరిగే బొమ్మలు తీసేయండి, వాటివల్ల ఆలస్యం తప్ప అమ్మకం లేదు. సైటు వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ చూడండి. ఎల్‌సీపీ, అంటే పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం కనబడడానికి పట్టే సమయం, 2.5 సెకన్ల లోపుండాలి.

అసలు డబ్బు పోయేది కొరియర్ దగ్గర. ఎక్కువమంది కొరియర్లవాళ్లు 500 గ్రాముల మెట్ల లెక్కన డబ్బు తీసుకుంటారు. కేజీ పప్పు డబ్బాతో కలిసి కేజీ దాటుతుంది, మీరు కేజీన్నరకి కడతారు. పైగా పెట్టె కొలతల లెక్క ఒకటుంది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు, అసలు బరువుకీ దీనికీ ఏది ఎక్కువైతే అదే. 400 గ్రాముల ప్యాకెట్‌ని 20×15×10 పెట్టెలో పెడితే 0.6 కేజీ, అంటే కేజీ ధర. అదే 18×12×8 పెట్టె అయితే 0.35, అరకేజీలో సరిపోతుంది. అందుకే కేజీ ప్యాకెట్ కంటే 400 గ్రాములవి, లేదా వాటి జత మేలు. వాక్యూమ్ చేసి బిగువుగా పెట్టండి. వదులుగా ఉంటే దారిలో గుండు కాస్తా బద్దవుతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా తీసేయొద్దు గానీ, 100 రూపాయలు యూపీఐలో ముందు కట్టించుకోండి. తిరిగొచ్చిన పార్సిల్‌కి రానూపోనూ ఖర్చు మీదే. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే టర్నోవరు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇవన్నీ అయ్యాక ప్రకటన. ఫేస్‌బుక్ యాడ్స్ మేనేజర్‌లో 'సేల్స్' లక్ష్యం ఎంచుకోండి, సైటులో మెటా పిక్సెల్ (ఎవరు కొన్నారో ఫేస్‌బుక్‌కి చెప్పే కోడు) ఉండాలి. ఒక యాడ్ సెట్‌కి (ఒకే బడ్జెట్, ఒకే రకం జనం ఉన్న ప్రకటనల గుంపుకి) వారానికి 50 దాకా కొనుగోళ్లు కనబడితేనే ఎవరు కొంటారో ఫేస్‌బుక్ నేర్చుకుంటుంది. రోజుకి 200 రూపాయలతో అన్ని రావు. అంచేత నాలుగు సెట్లుగా చీల్చకండి, ఒక్కటే పెట్టండి, లేదా ప్రకటన నొక్కితే వాట్సాప్ బిజినెస్ తెరుచుకునేలా పెట్టుకోండి. మన జనం ధర బేరమాడకుండా కొనరు, దీనికి వాట్సాపే నయం. కాశీబుగ్గ బజారులో దొరికేదాన్ని ఆ ఊరివాళ్లకి చూపించి లాభం లేదు, విశాఖ, హైదరాబాద్, బెంగళూరు పెట్టండి.

ఇంకోటి, డొమైన్ (సైటు అడ్రసు పేరు) ఎవరి ఈమెయిల్ మీద ఉందో ఈరోజే అడగండి. డిజైనర్ పేరు మీదుంటే మీ పేరుకి మార్పించుకున్నాకే మిగతా పని డబ్బులివ్వండి.

ప్రకటన మొదలెట్టే ముందు రాజాంలోనో బొబ్బిలిలోనో ఉన్న చుట్టాల ఫోన్ నుంచి ఒక ఆర్డరు పెట్టించండి. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా, ఎక్కడ వేలు ఆగిందో చూడండి.